పదేళ్ల సింగిల్ డోర్ ఫ్రిజ్: కూలింగ్‌కి వంక లేదు, భయపడింది మూడుసార్లు

2015 ఏప్రిల్‌లో రాజమండ్రిలో ఉండగా కొన్నాం. 190 లీటర్ల సింగిల్ డోర్, డైరెక్ట్ కూల్ రకం, అంటే ఫ్రీజర్‌లో ఐస్ పేరుకుంటుంది, మనమే కరిగించుకోవాలి. పదేళ్లు దాటినా కంప్రెసర్ మొదటిదే. ఇంట్లో నలుగురం. పాలు, పెరుగు, వారానికి రెండుసార్లు దోసెల పిండి, ఆదివారం చేపలో చికెనో, వీటితో పాటు అమ్మ ఇన్సులిన్. రోహిణి కార్తెలో కూడా మంచినీళ్ల సీసా పళ్లు జిల్లుమనేలా చల్లబడుతుంది. కూలింగ్ గురించి ఇంతకన్నా చెప్పక్కర్లేదు. నేను చెప్పాలనుకున్నది మేం భయపడిన సందర్భాల గురించి.

మొదటిది షాక్. అప్పుడు అద్దె ఇల్లు. వానాకాలం, వంటింటి గచ్చు చెమ్మగా ఉంది. మా చిన్నమ్మాయి తడి చేత్తో, చెప్పులు లేకుండా వెళ్లి ఫ్రిజ్ తలుపు పట్టుకుని కెవ్వుమంది. దేవుడి దయవల్ల ఏమీ కాలేదు గానీ ఆ కేక ఇప్పటికీ మర్చిపోలేను. ఎలక్ట్రీషియన్ వచ్చి సాకెట్ విప్పి చూపించాడు. బయటికి మూడు రంధ్రాలున్నాయి, లోపల ఎర్త్ వైరే లేదు! మూడు పిన్నుల ప్లగ్ పెట్టాం కదా అని అన్నాళ్లూ ధీమాగా ఉన్నాం. ఓనర్ ఒప్పుకోకపోతే మా డబ్బుతోనే ఎర్తింగ్ వేయించి, 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించుకున్నాం. కరెంట్ ఎటైనా లీకైతే అది వెంటనే ట్రిప్ అయి సరఫరా ఆపేస్తుంది. మీరు కొత్త ఇంట్లోకి మారితే ఫ్రిజ్ ప్లగ్ పెట్టకముందే ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య టెస్ట్ ల్యాంప్ వెలుగుతుందో లేదో చూపించమని ఎలక్ట్రీషియన్‌ని అడగండి. ఐదు నిమిషాల పని. ఎక్స్‌టెన్షన్ బాక్సుకి మాత్రం ఫ్రిజ్‌ని తగిలించకండి, నేరుగా గోడ సాకెట్‌కే ఉండాలి.

రెండోది పూర్తిగా నా తప్పు. డైరెక్ట్ కూల్ ఫ్రిజ్‌లో ఐస్ గడ్డకట్టడం మామూలే. ఫ్రీజర్‌లో పాల ప్యాకెట్ అంటుకుపోతే తొందరలో అట్లకాడతో పెకలించాను. బుస్సుమని శబ్దం. ఫ్రీజర్ గోడకు చిల్లు పడి గ్యాస్ మొత్తం పోయింది. మా ఫ్రిజ్‌లో ఉన్నది ఆర్600ఏ, అంటే ఐసోబ్యూటేన్. ఇప్పుడు చాలా ఫ్రిజ్‌లలో ఇదే వాడుతున్నారు, వెనక స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. ఓజోన్ పొరకు హాని చేయదు, కరెంట్ కూడా తక్కువ తింటుంది. కానీ మండే గ్యాస్, వాసన కూడా తెలియదు. ఉండేది పదుల గ్రాములే అయినా, తలుపులు మూసిన ఇరుకు వంటింట్లో నిప్పురవ్వ తగిలితే ప్రమాదం. ఫోన్ చేస్తే మెకానిక్ మొదట అన్న మాట: "అమ్మా, స్టవ్ వెలిగించకండి, ఏ స్విచ్చీ ముట్టుకోకండి, కిటికీలు తీసి బయటికి రండి." ఆ రోజు నుంచి ఐస్ అరంగుళం మందం కాకముందే డీఫ్రాస్ట్ బటన్ నొక్కి దానంతట అదే కరిగేదాకా ఆగుతున్నాం. కత్తి, స్క్రూడ్రైవర్ లాంటివేవీ దగ్గరికి రానివ్వం.

మూడోది అమ్మ విషయం. ఎంత చల్లగా ఉంటే అంత మంచిదనుకుని ఇన్సులిన్‌ని ఫ్రీజర్ కింది ట్రేలో పెట్టాం. కొన్నాళ్లు షుగర్ అసలు అదుపులోకి రాలేదు. డోసు పెంచేముందు డాక్టర్‌గారు "ఎక్కడ పెడుతున్నారు?" అని అడిగారు కాబట్టి సరిపోయింది. ఇన్సులిన్ ఉండాల్సింది 2 నుంచి 8 డిగ్రీల మధ్య. ఒక్కసారి గడ్డకడితే, కరిగాక చూడ్డానికి బాగానే ఉన్నా పారేయాల్సిందే. ఇప్పుడు చిన్న డబ్బాలో పెట్టి మధ్య అరలో ముందువైపు ఉంచుతున్నాం.

ఆ దెబ్బతో ఒక థర్మామీటర్ కొన్నాను. గ్లాసు నీళ్లలో వేసి రాత్రంతా మధ్య అరలో ఉంచితే, మే నెలలో నాబ్ 3 మీద ఉన్నప్పుడు 9 డిగ్రీలు చూపించింది. తిండికి 4 దగ్గర ఉండాలి. అన్నేళ్లూ చలికాలంలో పెట్టిన నంబరే వేసవిలోనూ ఉంచేశాం. ఇప్పుడు మార్చి రాగానే నాబ్‌ని ఎక్కువ చల్లదనం వైపు తిప్పుతాను. మన ఇళ్లలో అన్నం మిగిలితే పడుకునేముందు ఫ్రిజ్‌లో పెట్టే అలవాటు ఉంది కదా, అది మానేశాం. ఉడికించినా చావని ఒక రకం బాక్టీరియా బీజాలు అన్నంలో ఉంటాయి. అన్నం గంటల తరబడి బయట ఉంటే అవి పెరిగి విషం తయారుచేస్తాయి. మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. అందుకే మిగిలిన అన్నాన్ని వెడల్పు పళ్లెంలో పరిచి, ఆవిరి పోగానే మూతపెట్టి లోపల పెట్టేస్తాం. కూరలైనా రెండు గంటలకు మించి బయట ఉంచం, ఎండాకాలంలో గంటే. పచ్చి చేపలు, మాంసం మూత డబ్బాలో అట్టడుగు అరలోనే. వాటి నీళ్లు పెరుగులోకి కారకూడదు.

కరెంట్ పోతే తలుపు తియ్యం. మూసి ఉంచితే నాలుగు గంటలు ఢోకా ఉండదు. స్టెబిలైజర్ కొన్నాం, మా వీధిలో ఓల్టేజీ అలాంటిది.

ఇంకొకటి ఎవరూ చెప్పనిది: ఫ్రిజ్ వెనక కంప్రెసర్ మీద, కరిగిన ఐస్ నీళ్లు చేరే ట్రే. మూడేళ్లపాటు అది ఉందనే తెలియదు. పక్కింటి అబ్బాయికి డెంగీ వచ్చినప్పుడు ఆరోగ్య కార్యకర్తలు వచ్చి, తొట్ల తర్వాత నేరుగా ఫ్రిజ్ వెనక టార్చి వేశారు. మా ట్రేలో లార్వాలు కదులుతున్నాయి. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా పట్టేది వారం, పది రోజులే. ఇప్పుడు ప్రతి శుక్రవారం ప్లగ్ తీసి, కంప్రెసర్ వేడి తగ్గాక, ట్రే బయటికి లాగి రుద్ది కడుగుతాను.

మళ్లీ ఇదే రకం కొంటారా అని మా తమ్ముడు అడిగాడు. కొత్తగా కాపురం పెట్టిన ఇద్దరికైతే ఇది హాయిగా సరిపోతుందని చెప్పాను. మాకు మాత్రం అమ్మ మందుంది కాబట్టి, ఈసారి ఫ్రీజర్‌కి విడిగా తలుపున్న, ఐస్ పేరుకోని ఫ్రాస్ట్ ఫ్రీ రకం తీసుకుంటాం.