బెజవాడ ఎండలకు కుంకుడుకాయలు సరే, డబ్బా పొడి వద్దు

మే నెల ఉక్కపోతకు జడ కుదుళ్లు ఆరనే ఆరవు. చెమట, నూనె కలిసి జిడ్డు కట్టి చుండ్రు ముదురుతుంది. వన్‌టౌన్ పచారీ కొట్లలో విడిగా అమ్మే కుంకుడుకాయలు ఈ జిడ్డును శుభ్రంగా వదిలిస్తాయి. కాయ తేనెరంగులో ఉండాలి, ఊపితే గింజ గలగలమనాలి. పుచ్చులు ఏరి పారేయండి.

నడుం దాకా జుట్టుకు 15 కాయలు. చితక్కొట్టి గింజలు తీసి, అర లీటరు వేడినీళ్లలో అరగంట నానబెట్టి, బాగా పిసికి పలుచటి గుడ్డలో వడకట్టాలి. వడకట్టకపోతే పిప్పి వెంట్రుకల్లో ఇరుక్కుని ఒకటే దురద. డబ్బాల్లో అమ్మే కుంకుడు పొడితో వచ్చే చిక్కూ ఇదే, ఎంత కడిగినా నలుసులు మిగులుతాయి. రసం మరీ చిక్కగా ఉంటే జుట్టు పీచులా అయిపోతుంది. గుప్పెడు మందారాకు నూరి కలిపితే ఎంత మెత్తగా జారుతుందో! కళ్లలో పడితే భగ్గుమంటుంది కాబట్టి తల వెనక్కి వాల్చి పోయండి. మిగిలిన రసం మర్నాటికి పులుస్తుంది, దాచొద్దు.

వారానికి రెండుసార్లు చాలు. మాడు ఎర్రబడి పొలుసులు రాలుతుంటే మాత్రం కుంకుడు సరిపోదు. అక్కడ చర్మవైద్యులు రాసే 2 శాతం కీటోకొనజోల్ (ఫంగస్‌ను అణిచే మందు) షాంపూయే మేలు, 5 నిమిషాలు ఉంచి కడగాలి.