కింద ఒక్క మేస్త్రీ, మేడ మీద నలుగురు

తిరుపతి కొర్లగుంటలో మాది మామగారు కట్టించిన ఇల్లు. 2019లో కింది భాగాన్ని, 2022లో మేడను బాగుచేయించాం. కింద గోడలు, టైల్స్, పైపులు, వైరింగ్, రంగులు అన్నీ ఒకే మేస్త్రీకి అప్పజెప్పాం. మేడకు మాత్రం టైల్స్ మేస్త్రీని, ప్లంబరును, ఎలక్ట్రీషియన్‌ను, వడ్రంగిని విడివిడిగా పిలిచాం. రెండింటిలోనూ ఏళ్ల తరబడి కాపురం చేశాక రాస్తున్న మాటలివి.

మేస్త్రీ మనిషి మంచివాడు. నేను బడికి వెళ్లి వచ్చేసరికి ఆ రోజు పని అయిపోయి, చెత్త కూడా ఎత్తించి ఉండేది. వంటింట్లో ఆయన పరిచిన కడప బండ ఇప్పటికీ చెక్కుచెదరలేదు. తాపీ ఆయన చేతిలోనే పుట్టిందేమో అనిపిస్తుంది. పైపుల సంగతి వేరు.

2021 నవంబరు వానలకు తిరుపతిలో వీధులు ఏరులైనప్పుడు మా పడకగది గోడ చెమర్చింది. అందరి ఇళ్లలాగే అనుకున్నాం. సంక్రాంతి వచ్చినా ఆ గోడ ఆరలేదు. సున్నం పొట్టు పొట్టుగా రాలుతుంటే అప్పుడు అర్థమైంది, అది వాన నీళ్లు కాదు, మా స్నానాల నీళ్లని. బాత్రూమ్ తవ్విస్తే నానీ ట్రాప్ (నేల మీది నీళ్లు బయటికి పోయే జాలీ గొట్టం) చుట్టూ వట్టి సిమెంటు మెత్తి, మీద టైల్ అతికించేసి ఉంది. మధ్యలో వాటర్ ప్రూఫింగ్ పూత లేనే లేదు. గీజరు కథ ఇంకా భయపెట్టింది. మూడు కిలోవాట్ల గీజరు 13 ఆంపియర్ల దాకా లాగుతుంది. అలాంటిదానికి కూడా, లైట్లకు వాడే 1 చదరపు మిల్లీమీటరు తీగే వేశారు. సాకెట్ విప్పితే తీగ తొడుగు నల్లగా మాడి, వేలు తగలగానే పొడిగా రాలింది. దాన్ని తీయించి 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేయించాం.

మేడ మీద ప్లంబరు టైల్స్ వేయకముందే బాత్రూమ్ గొట్టాలు మూసి, రెండు రోజులు నీళ్లు నిలబెట్టాడు. కింద గదిలో నిచ్చెనెక్కి స్లాబును చేత్తో తడిమి చూశాకే సరే అన్నాడు. ఇప్పటివరకు చుక్క దిగలేదు. కొళాయిలకు తెల్లగా ఉప్పు కడుతుందిగానీ, అది మా బోరు నీళ్ల గుణం. అందుకు ఎవరినీ అనను.

అయితే ఆ నలుగురికీ నేనే మేస్త్రీనయ్యాను. గోడకు టైల్స్ అతికించాక ఎలక్ట్రీషియన్ వచ్చి గాడి కొట్టి, మూడు టైల్స్ పగలగొట్టాడు. ‘నాకు ముందే చెప్పలేదు’ అని ఇద్దరూ ఒకరినొకరు చూపించుకున్నారు. నిజానికి చెప్పాల్సింది నేను. బ్రహ్మోత్సవాలని వెళ్లిన వడ్రంగి పది రోజులకు తేలాడు. సెలవులు కరిగిపోయాయి, కూలీ ఖర్చూ కింద కంటే పెరిగింది. ఆ తేడా బాధించలేదు. కింద బాత్రూమ్ తవ్వి మళ్లీ వేయించడానికి అంతకంటే ఎక్కువే పోసి ఉన్నాం.

మొన్న ప్రహరీ పగుళ్లకు, మెట్లకు మళ్లీ ఆ పాత మేస్త్రీనే పిలిచాను. రెండు రోజుల్లో అద్దంలా చేసి పెట్టాడు. వెళ్లబోతూ, ‘అమ్మా, మెట్ల పక్కన కొళాయి కూడా నేనే బిగించేయనా?’ అన్నాడు. కాఫీ ఇచ్చి, వద్దని చెప్పి, ప్లంబరుకు ఫోను చేశాను.