తాబేళ్లకు ఏది మేలు: ఒడ్డున హేచరీయా, వలలో తలుపా?

జనవరి వచ్చిందంటే తెలిసినవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఇదే. ఆలివ్ రిడ్లే తాబేళ్ల కోసం ఏదైనా చేయాలంటే దేనికి సాయం చేయాలి? గుడ్లు పొదిగించే హేచరీకా, బోటు వెనక ఈడ్చే ట్రాలు వలలో తాబేలు బయటపడేందుకు బిగించే తలుపు, అంటే టెడ్‌కా?

హేచరీ మంచిదే. కుక్కలు, నక్కలు తవ్వేయకముందే తెల్లవారుజామున గుడ్లు ఏరి తెచ్చి, కంచె కట్టిన ఇసుకలో పాతి, పక్కనే తేదీ, గుడ్ల లెక్క రాసిన పలక గుచ్చుతారు. ఒక్కో గూటిలో సుమారు నూరు గుడ్లు. యాభై రోజులకు ఇసుక కదిలి, అరచేతిలో పట్టేంత పిల్లలు నీళ్ల వైపు పాకుతుంటే చూసినవాళ్లు మర్చిపోలేరు. కానీ వెయ్యింటిలో ఒక్కటి పెరిగి పెద్దదైతే గొప్ప. అదీ గుడ్లు పెట్టే ఈడుకు రావడానికి పదేళ్లు దాటుతుంది.

నేను టెడ్ వైపు మొగ్గేది అందుకే. పోయిన ఫిబ్రవరిలో ఉప్పాడ దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చిన తల్లి తాబేలును చూశాను. డిప్ప మీద ఒక్క దెబ్బ లేదు. మెడ ఉబ్బిపోయి, కళ్లు పొడుచుకొచ్చాయి. వలలో ఊపిరాడక పోయినవి ఇలాగే ఉంటాయని పక్కనున్న మత్స్యకారుడు చెప్పాడు. గాలి పీల్చాలంటే తాబేలు నీటి పైకి రావాల్సిందే. ట్రాలు వలేమో రెండు మూడు గంటలు అడుగునే సాగుతుంది. పదేళ్లకు పైగా బతికి బట్టకట్టిన తల్లి ఆ ఒక్క లాగుడులో పోతుంది.

టెడ్ అంటే వల సంచికి ముందు ఏటవాలుగా బిగించే లోహపు కమ్మీల చట్రం. రొయ్యలు కమ్మీల సందుల్లోంచి లోపలికి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి తలుపులోంచి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ సిఫ్ట్ మన బోట్లకు తగ్గట్టు దీన్ని తయారుచేసింది. తలుపులోంచి చేప కూడా పోతుందని బోటు నడిపే సరంగులు అంటారు. ఆ మాట కొట్టిపారేయలేం, వాలు సరిగ్గా కుదరకపోతే నిజంగానే పోతుంది. అసలే డీజిల్ ఖర్చుల టెన్షన్‌లో ఉన్నవాళ్లు. పరికరం చేతిలో పెట్టి వెళ్లిపోతే అది బోటు మూల పడుంటుంది. వాళ్లతో కలిసి వేటకు వెళ్లి, వాలు సరిచేసి చూపించేవాళ్లు కావాలి. టెడ్ లేదన్న కారణంతోనే మన సముద్రపు రొయ్యను అమెరికా 2019 నుంచి రానివ్వడం లేదు. అంటే ఆ తలుపు తాబేలుకు ప్రాణం, మత్స్యకారుడికి మార్కెట్.

వేట నిషేధం చాలదా అంటారు కొందరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు, అది చేపలు గుడ్లు పెట్టే కాలం. తాబేళ్లు ఎక్కువగా జనవరి నుంచి మార్చి మధ్యే వచ్చి వెళ్తాయి. ఒడిశాలోలా నవంబరు నుంచి మే దాకా వేట ఆపాలంటే, అక్కడ గహిర్మాత, రుషికుల్య లాంటి చోట్ల లక్షల్లో గుంపుగా వస్తాయి. మన తీరమంతా చెదురుమదురు గూళ్లే. ఎక్కడని ఆపుతాం?

ఈ ఏడు కూడా హేచరీలో రెండు రాత్రులు కాపలా కాస్తాను. డబ్బు మాత్రం బోట్ల మీద టెడ్ నేర్పే పనికే ఇస్తున్నాను.