అంబాసిడర్ వేడెక్కుతోందా? బెల్టు ఫ్యానా, ఎలక్ట్రిక్ ఫ్యానా?

పాత అంబాసిడర్ 1489 సీసీ పెట్రోలు ఇంజన్‌లో ఫ్యాన్, వాటర్ పంపు ఒకే బెల్టు మీద తిరుగుతాయి. ఇంజన్ పరుగెత్తితే ఫ్యానూ పరుగెత్తుతుంది, సిగ్నల్ దగ్గర ఆగితే నీరసపడుతుంది. అందుకే ట్రాఫిక్‌లో మాత్రమే వేడి చూపే ముల్లు పైకి లేస్తుంటే మొదటి అనుమానం రేడియేటర్‌కి అందే గాలి మీదే. ఎలక్ట్రిక్ ఫ్యాన్ గెలిచేది ఇక్కడే. ఇంజన్ వేగంతో దానికి పనిలేదు, నీళ్లు వేడెక్కగానే స్విచ్ దాన్ని తిప్పేస్తుంది.

కానీ ఒక మెలిక ఉంది. బండిలో బ్యాటరీని చార్జ్ చేసేది ఇంకా పాతకాలపు డైనమోయే అయితే, ఐడిల్‌లో (బండి ఆగి ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు) చార్జింగ్ దాదాపు రాదు, ఫ్యాన్ సరిగ్గా అప్పుడే బ్యాటరీని తాగుతుంది. ఆల్టర్నేటర్ (ఐడిల్‌లోనూ చార్జింగ్ ఇచ్చే కొత్త తరం యంత్రం), రిలే (ఫ్యాన్ కరెంటు భారాన్ని మోసే స్విచ్), ఫ్యూజ్ లేకుండా ఆ జోలికి పోవద్దు. బెల్టు ఫ్యాన్‌కి వైరింగ్ బెడదే లేదు, బెల్టు బిగువు చూసుకుంటే చాలు.

హైవే మీద వేడెక్కే బండికి రెండూ దండగే. అక్కడ గాలికి కొదవేముంది? రేడియేటర్ గొట్టాల్లో తుప్పు, సున్నం పేరుకున్నాయేమో చూసి ముందు కడిగించండి. (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు థర్మోస్టాట్. దాన్ని పీకి పారేసే మెకానిక్‌లు మనకు కొత్త కాదు, అది మందూ కాదు.)

నా ఓటు? రోజూ ఊళ్లో తిరిగే బండికి ఎలక్ట్రిక్, ఆదివారం షెడ్డు దాటేదానికి పాత బెల్టే.