నయాగరా నుంచి లూసీ ఊరికి

నయాగరా వెళ్లడం మాకిది నాలుగోసారి. ఇండియా నుంచి ఎవరొచ్చినా తప్పదు కదా! ఈసారి అత్తయ్యగారిని తీసుకెళ్లాం. తిరుగు దారిలో నేరుగా ఇంటికి రాకుండా, బఫెలో నుంచి గంటన్నర ప్రయాణం చేసి జేమ్స్‌టౌన్‌లో ఆగాం. పాత అమెరికన్ టీవీ కామెడీ సీరియల్ ‘ఐ లవ్ లూసీ’లో లూసీగా వేసిన నటి లూసిల్ బాల్ 1911లో పుట్టిన ఊరది. కారు లేకపోతే కష్టం.

రాత్రి హైవే పక్కన ఒక మోటెల్‌లో దిగాం. చవకే, కానీ దుప్పట్ల నిండా సిగరెట్ వాసన. గది మార్చమంటే ఖాళీల్లేవన్నారు. పార్కింగ్‌లో చూస్తే మాది కాక రెండే కార్లు! ఇంకాస్త డబ్బు పోయినా ఊరి మధ్యలోనే దిగాల్సింది. మ్యూజియంలు రెండూ అక్కడే, నడిచి వెళ్లిపోవచ్చు.

2018లో తెరిచిన నేషనల్ కామెడీ సెంటర్‌కి మూడు గంటలైనా పెట్టుకోండి. మనకు ఎలాంటి హాస్యం ఇష్టమో ముందే అడిగి చేతికి బ్యాండ్ ఇస్తారు. లోపల కనిపించేవి దాన్నిబట్టి మారతాయి. కింద పెద్దలకు మాత్రమే అనే విభాగం ఉంది. అత్తయ్యగారు పక్కనుండగా అటు తొంగి చూడలేదు. లూసీ, సీరియల్లోనూ బయటా ఆమె భర్త అయిన డెసి ఆర్నాజ్ పేర్లతో ఉన్న లూసీ డెసి మ్యూజియం చిన్నది, కానీ సీరియల్లోని ఇంటి సెట్‌ని మళ్లీ కట్టి పెట్టారు. నాకు అదే నచ్చింది.

లేక్ వ్యూ శ్మశానానికి టికెట్ లేదు. రోడ్డు మీద గీసిన ఎర్ర హృదయం గుర్తులు పట్టుకుని వెళ్తే సమాధి వచ్చేస్తుంది. లూసీ 1989లో లాస్ ఏంజెలెస్‌లో పోయింది. అక్కడ ఉంచిన చితాభస్మాన్ని 2002లో పిల్లలు ఇక్కడికి, సొంతవాళ్ల మధ్యకి తెచ్చారు. రాతి మీద ‘ఇంటికొచ్చేశావు’ అన్న అర్థంలో ఒక మాట ఉంది.

“కాల్చాక నీళ్లలో కలపరా వీళ్లు?” అన్నారు అత్తయ్య.

కలిపినవాళ్లూ ఉన్నారని చెప్పాను. సీరియల్లో పక్కింటి ఎథెల్‌గా వేసిన వివియన్ వాన్స్ అస్థికలు సముద్రంలోనే కలిపారు. ఎథెల్ మొగుడు ఫ్రెడ్‌గా వేసిన విలియం ఫ్రాలీ సమాధి కాలిఫోర్నియాలో ఉంది. సెట్ బయట ఆ ఇద్దరికీ అస్సలు పడేది కాదు.

చివరగా పక్కనే ఉన్న సెలొరాన్ పార్క్. 2009లో పెట్టిన లూసీ విగ్రహం భయంకరంగా ఉందని జనం గోల చేస్తే, 2016లో అందమైనది ఇంకోటి పెట్టారు. పాతదాన్నీ తీసేయలేదు. అత్తయ్య దాని ముందే ఆగారు.

“మా ఊరి పోతురాజులా ఉందే, ఒక ఫొటో తియ్యి!”