థెరపీ చేస్తూనే డాక్టరేట్: విశాఖలో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీయా, సై.డీ.యా, విదేశీ కోర్సా?

"ఉద్యోగం మానకుండా సైకోథెరపీలో డాక్టరేట్ చేయాలంటే ఏది మేలు మేడమ్?" ఎమ్మెస్సీ సైకాలజీ చదివి కొన్నేళ్లుగా కౌన్సెలింగ్ చేస్తున్నవాళ్లు నన్ను పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది. అడిగేవాళ్లలో ఎక్కువమంది విశాఖవాళ్లే. ఒకరు మధురవాడలో స్కూల్ కౌన్సెలర్, ఒకరు కార్పొరేట్ ఆస్పత్రిలో, ఇంకొకరికి గాజువాకలో సొంత గది. నేను ఈ మధ్యే పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ వైపు మొగ్గాను. అయితే నాకు అప్పటికే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉంది. అది లేనివాళ్లకు నా జవాబు వేరు.

ముందు ఆ సంగతి తేల్చుకోవాలి. పీహెచ్‌డీ వస్తే క్లినికల్ సైకాలజిస్ట్ అయిపోతామని చాలామంది నమ్ముతున్నారు. అలా అవ్వరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం క్లినికల్ సైకాలజిస్ట్ అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన క్లినికల్ సైకాలజీ అర్హత ఉన్నవాళ్లు, లేదా పీజీ మీద రెండేళ్ల పూర్తికాలపు ఎం.ఫిల్., అదీ సూపర్‌విజన్‌లో క్లినికల్ శిక్షణతో చేసినవాళ్లు. మామూలు సైకాలజీ పీహెచ్‌డీ ఈ లెక్కలోకి రాదు. పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవచ్చు కానీ, రిజిస్ట్రేషన్ లేకుండా క్లినికల్ సైకాలజిస్ట్‌గా ప్రాక్టీస్ చేస్తే 1992 ఆర్‌సీఐ చట్టం కింద శిక్ష కూడా ఉంది.

ఇక పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ. యూజీసీ 2022 నిబంధనలు దాన్ని స్పష్టంగా ఒప్పుకున్నాయి. కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. ఆ తర్వాత రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు, మహిళలకు ఇంకో రెండేళ్ల వెసులుబాటు. కోర్సువర్క్ కనీసం 12 క్రెడిట్లు. సెమిస్టర్‌కోసారి అడ్వైజరీ కమిటీ ముందు ప్రెజెంటేషన్. పనిచేసే సంస్థ నుంచి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) కావాలి. చదువుకోవడానికి సమయం దొరుకుతుందని, అవసరమైతే కోర్సువర్క్ కోసం రిలీవ్ చేస్తామని అందులో రాసివ్వాలి. రాష్ట్ర యూనివర్సిటీలకు దారి ఏపీఆర్‌సెట్ అనే పీహెచ్‌డీ ప్రవేశ పరీక్ష. ఇవన్నీ మీరు ఇప్పటికే చూసే ఉంటారు.

నన్నడిగితే పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ, సై.డీ. (డాక్టర్ ఆఫ్ సైకాలజీ), విదేశీ డాక్టరేట్ అనే ఈ మూడు దారుల్లో ఎంచుకోవడానికి ఫీజు, సంవత్సరాలు, యూనివర్సిటీ పేరు ఇవన్నీ రెండో వరసలోవి. అసలు చూడాల్సింది మీ సెషన్లను ఎవరు వింటారన్నది. సంగీతం నేర్చుకునేవాళ్లు గురువు ముందు పాడి వినిపిస్తారు, అపశ్రుతి పడ్డచోట గురువు ఆపుతారు. థెరపీకి అలాంటి చెవి సూపర్‌వైజర్. క్లయింట్ ఏడుస్తుంటే మనం తొందరపడి ఓదార్పు మాట అందించి ఆ ఏడుపును ఆపేశామా, భర్త గురించి చెప్పలేక చెబుతున్న మనిషిని మనకు తెలియకుండానే వేరే టాపిక్‌కి మళ్లించామా, ఇవి గది లోపల ఉన్నప్పుడు మనకు కనబడవు. రికార్డింగ్ పెట్టి ఇంకొకరితో కలిసి వింటేనే బయటపడతాయి. ఏళ్ల తరబడి ఒంటరిగా ప్రాక్టీస్ చేసేవాళ్లలో అలవాట్లు గట్టిపడతాయి తప్ప నైపుణ్యం దానంతటదే పెరగదు.

పీహెచ్‌డీ గైడ్ ఈ పని చేయరు, చేయాల్సిన బాధ్యత కూడా ఆయనకు లేదు. ఆయన చూసేది మీ ప్రశ్న, శాంపిల్, విశ్లేషణ, చాప్టర్లు. మూడేళ్లు కాదు ఆరేళ్లు చేసినా మీ ఒక్క సెషన్ కూడా ఎవరూ వినకుండానే వైవా పూర్తయి డిగ్రీ చేతికి రావచ్చు. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో నాకు కనిపించే పెద్ద లోటు ఇదే. చేరేవాళ్లకు ఇది ముందే తెలియాలి.

విదేశీ ప్రొఫెషనల్ డాక్టరేట్లు బలంగా ఉన్నది సరిగ్గా ఈ చోటే. బ్రిటన్‌లో కౌన్సెలింగ్ సైకాలజీ డాక్టరేట్‌కు బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ ప్రమాణాల ప్రకారం సూపర్‌విజన్‌లో 450 గంటలు క్లయింట్లతో పనిచేయాలి, 40 గంటలు తామే క్లయింట్‌గా కూర్చుని థెరపీ తీసుకోవాలి. లండన్‌లోని మెటనోయా ఇన్‌స్టిట్యూట్ లాంటివి ప్రాక్టీస్‌లో ఉన్న థెరపిస్టుల కోసమే పార్ట్‌టైమ్ డాక్టరేట్లు నడిపాయి. మన దగ్గర కూడా ఇలాంటిది ఉంటే ఎంత బావుండేదో అని నాకు నిజంగా అనిపిస్తుంది. కానీ విశాఖలో ఉండి అది చేయడం వేరే సంగతి. పార్ట్‌టైమ్ స్టూడెంట్ వీసా మీద అక్కడ పని చేయనివ్వరు. ఆ గంటలు ఇక్కడే పూర్తిచేసేందుకు కోర్సు ఒప్పుకున్నా, మన సెషన్లు జరిగేది తెలుగులో. శ్రీకాకుళం నుంచి వచ్చిన అత్తగారు కోడలి గురించి మాట్లాడే తీరు, ఎక్కడ ఆగింది, ఎక్కడ గొంతు తగ్గించింది అనేది లండన్‌లోని సూపర్‌వైజర్‌కు చేరదు. ఆయనకు అందేది మనం ఇంగ్లీషులో రాసిచ్చిన సారాంశం. మనం గమనించని దాన్ని మనం రాయలేం కదా. అక్కడే స్థిరపడాలనుకుంటే తప్ప ఆ ఖర్చుకు నేను ఓటు వేయను.

సై.డీ. సంగతి సూటిగా చెబుతాను. ఆర్‌సీఐ గుర్తింపు ఉన్నచోట చేస్తే సూపర్‌విజన్ దొరుకుతుంది, లైసెన్సూ దొరుకుతుంది. చికిత్స నేర్పే డాక్టరేట్ అంటే మన దేశంలో అదే. కాకపోతే పూర్తికాలపు చదువు, నాలుగేళ్లు. ఇంటి ఈఎంఐ, స్కూలుకెళ్లే పిల్లలు ఉన్నవాళ్లకు ఉద్యోగం వదలడం చిన్న విషయం కాదని నాకు తెలుసు. అయినా రిజిస్ట్రేషన్ లేనివాళ్లు తీవ్రమైన డిప్రెషన్, ఓసీడీ, ట్రామా కేసులు చూడాలనుకుంటే నా సలహా ఒక్కటే. పీహెచ్‌డీ ఆలోచన పక్కన పెట్టి ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో గుర్తింపు పొందిన సంస్థల జాబితా చూడండి. యూజీసీ ఎం.ఫిల్.ను ఆపేసి, క్లినికల్ సైకాలజీకి 2025–26 వరకే గడువిచ్చింది కాబట్టి పాత సీనియర్లు చెప్పే దారి ఇప్పుడు అలాగే లేదు. ఈ ఏడాది ఏ కోర్సుకు గుర్తింపు ఉందో మీరే చూసుకోవాలి.

దూరవిద్యలో పీహెచ్‌డీ చెల్లదు. 2025 జూలై–ఆగస్టు నుంచి సైకాలజీ కోర్సులనే దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో పెట్టొద్దని యూజీసీ చెప్పేసింది. ఆన్‌లైన్ "గౌరవ డాక్టరేట్ల" గురించి మాట్లాడటం కూడా దండగ.

రిజిస్ట్రేషన్ ఉండి, లేదా కౌన్సెలింగ్ పరిధిలోనే పనిచేస్తూ, విశాఖలోనే ఉండాలనుకునేవాళ్లకు మాత్రం పార్ట్‌టైమ్ పీహెచ్‌డీయే మేలు. దాంతోపాటు సూపర్‌విజన్‌ను విడిగా, డబ్బు పెట్టి ఏర్పాటు చేసుకోవాలి. తెలుగు తెలిసిన సీనియర్ క్లినికల్ సైకాలజిస్ట్ అయితే మంచిది, ఊళ్లో లేకపోయినా వీడియో కాల్ చాలు. పదిహేను రోజులకోసారైనా, క్లయింట్ రాతపూర్వక అనుమతితో చేసిన రికార్డింగ్ వినిపిస్తూ. థీసిస్‌కు టైమ్ చాలడం లేదని మొదట మానేసేది దీన్నే, అలా జరగనివ్వకండి.

ఆంధ్రా యూనివర్సిటీలో చేరాలనుకుంటే ముందు గైడ్ల ఆసక్తులు చూడండి. ఆ సైకాలజీ విభాగాన్ని స్థాపించిన కె. రామకృష్ణారావు గారి కాలం నుంచి దానికి పారాసైకాలజీ (టెలిపతి లాంటి అతీంద్రియ అనుభవాల అధ్యయనం), ధ్యానం, చైతన్యం మీద పరిశోధన చేసే సంప్రదాయం ఉంది. అది దాని ప్రత్యేకత. కానీ మీ టాపిక్ ప్యానిక్ డిజార్డర్‌కు సీబీటీ (ఆలోచనల తీరు, ప్రవర్తన మార్చే థెరపీ) అయితే ఆ దిశలో పనిచేసిన గైడ్ ఖాళీ ఉన్నారో లేదో కనుక్కోవాలి. ప్రొఫెసర్‌కు ఎనిమిది మంది, అసోసియేట్‌కు ఆరుగురు, అసిస్టెంట్‌కు నలుగురు స్కాలర్లకు మించి తీసుకోకూడదు కనుక ఖాళీలు తక్కువే. రుషికొండలో గీతం కూడా ఉంది, ఫీజు ఎక్కువ, మిగతాదంతా గైడ్‌ను బట్టే.

టాపిక్ విషయంలో ఒక జాగ్రత్త. సొంత క్లయింట్లనే శాంపిల్‌గా తీసుకోవాలని అందరికీ అనిపిస్తుంది, సులువు కాబట్టి. తన థెరపిస్ట్ అడిగితే కాదనలేక ఒప్పుకునే క్లయింట్ అనుమతి నిజమైన అనుమతి కాదు. ఎథిక్స్ కమిటీ అడిగే మొదటి ప్రశ్న కూడా ఇదే. ఆస్పత్రి నుంచి కేసులు తీసుకోవాలంటే చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఆంధ్రా యూనివర్సిటీ క్యాంపస్‌కు దగ్గరే ఉంది, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) ఉంది. అనుమతులకు నెలలు పట్టవచ్చని లెక్కేసుకుని సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) దశలోనే దరఖాస్తు పెట్టండి. సొంత ప్రాక్టీస్ ఉన్నవాళ్లు మాత్రం, ఎన్‌ఓసీ ఎవరిపేరున ఉంటే ఒప్పుకుంటారో ఎంట్రన్స్ ఫీజు కట్టకముందే రీసెర్చ్ విభాగంలో అడిగి, జవాబు రాతలో తీసుకోండి.