పలాస జీడిపిక్కలు: డ్రమ్ములో కాల్చాలా, ఆవిరిలో ఉడికించాలా?

పలాస–కాశీబుగ్గలో జీడి బట్టీల పొగ ఎంత అన్నది పిక్కను ఒలిచే ముందు ఎలా సిద్ధం చేస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది.

డ్రమ్ము పద్ధతిలో పిక్కలు ఏటవాలుగా తిరిగే ఇనప గొట్టంలో పడతాయి. వేడికి పెంకులోని నూనె కారి అంటుకుంటుంది. ఆపైన కట్టెలు పెద్దగా అక్కర్లేదు. ఆ నూనె కాలీ కాలక నల్లటి పొగై లేస్తుంది. కళ్లు మండుతాయి, గొంతు పట్టేస్తుంది. బయటపడ్డ పిక్కల మీద వెంటనే నీళ్లు చల్లకపోతే పప్పు మాడుతుంది. పెంకు పెళుసెక్కి సుత్తి దెబ్బకే విడిపోతుంది, సుఖమంటే అదొక్కటే.

ఆవిరికైతే ముందు సైజులవారీగా జల్లించాలి. కలిపి వేస్తే చిన్నవి అతిగా ఉడుకుతాయి, పెద్దవి పచ్చిగా మిగులుతాయి. ఉడికాక ఆరబోసి, బాగా చల్లారాకే కటింగు మిషను ఎక్కించాలి. తొందరపడితే పప్పు బద్దలవుతుంది. నూనె పెంకులోనే ఉండిపోతుంది కాబట్టి ఉడికించే చోట మంటా లేదు, మసీ లేదు. పైగా పెంకును నూనె మిల్లుకు అమ్ముకోవచ్చు. ఆ నూనె రంగుల్లో, బ్రేకు లైనింగుల్లో వాడతారు. కాకపోతే కోసేవాళ్ల చేతులు పొక్కుతాయి, గ్లవుజులు తప్పవు.

అసలు మెలిక ఆవిరి పుట్టించే బాయిలర్ దగ్గరుంది. నూనె తీయని పెంకునే అందులో ఎగదోస్తే డ్రమ్ము పొగే చిమ్నీలోంచి వస్తుంది. నూనె తీసిన పెంకు వాడాలి, కొద్దికొద్దిగా వెయ్యాలి, గాలి సరిపడా అందాలి. పొగను గిరగిరా తిప్పి బూడిదను విడదీసే సైక్లోను అనే పరికరం ముతక బూడిదనే ఆపుతుంది. జిగట మసికి పొగను నీళ్లతో కడిగే స్క్రబ్బరు కావాలి, ఆ నీళ్లను కాలువలోకి వదలకూడదు.

కొత్తగా పెట్టే యూనిట్టుకు ఆవిరే మేలు, బాయిలర్ ఖర్చు ఎక్కువైనా.